విదేశీ వ్యాపారంలో పై చదువు: చేరేముందు విచారించవలసిన సంగతులు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



విద్య మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించినారు. విద్య గొప్పదని, అందరూ చదువుకోవాలని చెప్పడానికి మేము నిలబడలేదు. ఆ మాట ఈ సభలో ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, వినీ వినీ పిల్లలు విసిగిపోయినారు. ఈ ఏడు ఒక్క కోర్సు గురించే మాట్లాడదలచినాము. అది ఇంటర్నేషనల్ బిజినెస్, అనగా అంతర్జాతీయ వ్యాపారంలో ఎం.బి.ఏ. గాని, ఎం.ఎస్సీ. గాని. దీన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఆదివారాల్లో మా ఉపసంఘం దగ్గరకు సలహా కోసం వచ్చే కుటుంబాలలో ఈ పేరు చెప్పేవారు బాగా పెరిగినారు. బి.కాం. అయిన అబ్బాయి, బి.బి.ఏ. అయిన అమ్మాయి, చివరకు బి.టెక్. అయినవాడు కూడా ఇదే అంటున్నాడు. "లండన్‌లో ఇంటర్నేషనల్ బిజినెస్ చేస్తానంటున్నాడు సాబ్, మీరేమంటారు?" అని తండ్రి అడుగుతాడు. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టడానికి అప్పటికే మనసులో సిద్ధపడి వచ్చి ఉంటాడు. కనుక ఇది తేలికగా మాట్లాడే విషయం కాదు.

ముందు ఈ చదువు దేనికి సంబంధించినదో మన ఊరి భాషలో చెప్పుకుందాం. గుంటూరు మిర్చి యార్డు మనకు కొత్త కాదు. మనవాళ్ళలో దడవాయిలు ఉన్నారు, గుమస్తాలు ఉన్నారు, కోల్డ్ స్టోరేజీలలో పనిచేసేవారు, లారీలు తోలేవారు, ఒకరిద్దరు కమీషన్ ఏజెంట్లు కూడా ఉన్నారు. కాయను చేత పట్టి విరిచి చూస్తే చాలు, తేజ ఏదో, సన్నం ఏదో, తాలు ఎంత కలిసిందో చెప్పేస్తారు. ఐతే టిక్కీలు లారీ ఎక్కి చెన్నై రేవు వైపు బయలుదేరిన తరువాత వాటి కథ మనకు తెలియదు. తెలియని ఆ రెండో సగమే అంతర్జాతీయ వ్యాపారం. లాభమూ నష్టమూ చాలావరకు తేలేది అక్కడే.

మలేషియాలో ఒకాయన ఒక కంటైనరు ఎండుమిర్చి అడిగినాడనుకుందాం. ధర ఎంత అంటే కిలో ఇంత అని చెప్పడం చాలదు. ఎక్కడి దాకా ధర? మన రేవులో ఓడ ఎక్కించే దాకా అయితే ఎఫ్.ఓ.బి. అంటారు. ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కూడా మనమే కట్టి అవతలి రేవు దాకా అయితే సి.ఐ.ఎఫ్. ఈ మాటలకు పారిస్‌లోని ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ వారు 1936 నుంచి అర్థాలు ఖాయపరుస్తూ వస్తున్నారు. 2020 కూర్పులో ఇటువంటి షరతులు 11 ఉన్నవి. సి.ఐ.ఎఫ్.లో ఒక మెలిక ఉన్నది. కిరాయి కట్టేది అమ్మినవాడే, కాని సరుకు ఓడ ఎక్కిన తరువాత దారిలో తడిసినా పోయినా ఆ నష్టభారం కొన్నవాడిది. కిరాయి నేను కట్టాను గనుక బాధ్యత కూడా నాదే అనుకుంటే, అడిగినంత ధర తగ్గించి ఇవ్వవలసి వస్తుంది. మాటవరసకు ఇంకొకటి చెబుతాము. కంటైనరు సరుకుకు ఎఫ్.ఓ.బి. తగదు, ఎఫ్.సి.ఏ. వాడండి అని ఆ చాంబరువారే చెబుతున్నారు. మన వ్యాపారులు మాత్రం అలవాటు కొద్దీ ఎఫ్.ఓ.బి. అనే అంటారు.

తరువాత సరుకుకు ఒక నంబరు ఉంటుంది. 1988 జనవరి 1 నుంచి అమలులో ఉన్న హెచ్.ఎస్. పద్ధతి ప్రకారం, పొడి కొట్టని ఎండుమిర్చికి 0904 21, కొట్టిన కారానికి 0904 22. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటా ఒకటే, మన దేశంలో ఎనిమిది అంకెల దాకా పోతుంది. కాయకూ కారానికీ ఒక్క అంకె తేడా. కాని ఆ అంకెను బట్టే అవతలి దేశంలో సుంకం ఎంతో, ఏ పరీక్షలు జరపాలో నిర్ణయమౌతుంది.

ఇక డబ్బు సంగతి. పరాయి దేశంలోని ముక్కూ మొహం తెలియనివాడు సొమ్ము ఇస్తాడని నమ్మకమేమిటి? అందుకోసం లెటర్ ఆఫ్ క్రెడిట్ పెట్టినారు. కొన్నవాడి బ్యాంకు హామీ ఇస్తుంది. కాని ఆ హామీ సరుకు చూసి కాదు, కాగితాలు చూసి. 2007 జూలై నుంచి నడుస్తున్న యు.సి.పి. 600 అనే నియమావళిలో ఈ మాట స్పష్టంగా ఉన్నది: బ్యాంకులకు సంబంధం కాగితాలతోనే, సరుకుతో కాదు. ఓడ ఎక్కించిన తరువాత 21 రోజుల లోపల కాగితాలు దాఖలు చేయాలి. వాటిని పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా 5 పని దినాలు. ఇన్వాయిస్ మీద ఒక విధంగా, బిల్ ఆఫ్ లేడింగు మీద వేరొక విధంగా సరుకు బరువు పడిందంటే బ్యాంకు డబ్బు ఆపవచ్చు. అప్పటికి మిర్చి సముద్రం మీద ఉంటుంది. అవతలివాడు ఫోను చేసి, "ఏం చేద్దాం భాయి, కాగితం తప్పు ఉంది, రేటు కొంచెం తగ్గించు, ఒప్పుకుంటాను" అంటాడు. మంచి కాయ పంపి, కాగితం దగ్గర నష్టపోవడమంటే ఇదే.

అన్నిటికంటె పెద్ద పాఠం కారం పొడిదే. సూడాన్ రంగు అని ఒక రసాయనం ఉన్నది. తోలుకు, మైనానికి వేసే రంగు, తిండిలో వేయరాదు. 2003లో యూరప్‌వారు మన దేశం నుంచి పోయిన కారంలో దీన్ని పట్టినారు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఏమైనదంటే, ఈ రంగు కలిసిన కారం ఒక సాసులో పడింది, ఆ సాసు వందలాది తయారీ తిండ్లలో పడింది. 400కు పైగా సరుకులను దుకాణాల అరల నుంచి వెనక్కు తీయవలసి వచ్చింది. ఎక్కడో ఒక మిల్లులో ఎవడో ఎరుపు కోసం చేసిన కక్కుర్తి అది. ఆ తరువాత దేశంలోని మిర్చి ఎగుమతిదారులందరూ, నిజాయితీపరులతో సహా, పరీక్షా పత్రం లేకుండా కదలలేని స్థితి ఏర్పడింది. ఇప్పుడు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి కూడా యూరప్‌లో హద్దు ఉన్నది. ఎండుమిర్చిలో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు మించరాదు. కల్లంలో కాయను నేల మీద ఆరబోసినారా, పట్టాల మీద ఆరబోసినారా, మంచు పడిన రాత్రి కప్పినారా లేదా అన్న దాని మీద ఆ అంకె ఆధారపడుతుంది. చూడండి, రైతు కల్లానికీ రాటర్‌డామ్ రేవుకూ ఎంత దగ్గర సంబంధమో!

ప్రభుత్వాల నిర్ణయాలూ అంతే. 2023 జూలై 20న కేంద్రం బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. 2024 సెప్టెంబరు 28న ఎత్తివేసింది. నడుమ పద్నాలుగు నెలలు. కాకినాడ నుంచి బియ్యం పంపేవారిని, రేవులో బస్తాలు మోసేవారిని అడిగితే ఆ నెలలు ఎట్లా గడిచినవో చెబుతారు. 2025 ఆగస్టు 27న అమెరికావారు మన సరుకులలో చాలావాటి మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినారు. మన కోస్తా రొయ్యకు అన్నిటికంటె పెద్ద గిరాకీదారు అమెరికాయే. భీమవరం చెరువుగట్టు మీద ఉన్న రైతుకు వాషింగ్టన్ నిర్ణయం తెల్లవారేసరికి తెలిసిపోయింది, రొయ్య ధర రూపంలో.

ఇవన్నీ ఎందుకు ఇంత వివరంగా చెప్పినామంటే, అంతర్జాతీయ వ్యాపారంలో పై చదువంటే ఇవే గనుక. కాగితం నింపడం గుమస్తా పని, అది ఆర్నెల్లలో వస్తుంది. నియమం ఎందుకు ఉన్నదో, రేపు మారితే సరుకును ఎటు మళ్ళించాలో, డాలరు రేటు పడిపోతుందనుకుంటే బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు ఏ రోజున చేసుకోవాలో, తగాదా వస్తే ఏ దేశపు చట్టం వర్తిస్తుందో, ఇవి తెలియడానికి రెండేళ్ళ చదువు అవసరమే. మంచి కోర్సులో ఇవి ఉంటాయి. ఉన్నాయా లేవా అని చూడకుండానే చేరడం దగ్గర మా అభ్యంతరం.

మన దేశంలో ఈ చదువుకు పేరుపడిన చోటు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్. కేంద్ర వాణిజ్య శాఖ కింద 1963లో నెలకొన్నది, 2002లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైనది. ఢిల్లీలోను, కలకత్తాలోను రెండేళ్ళ ఎం.బి.ఏ. నడుపుతున్నారు. ఇదివరకు ప్రత్యేకంగా ప్రవేశ పరీక్ష ఉండేది. 2024లో చేరిన తరగతి నుంచి క్యాట్ పరీక్ష మార్కులతో తీసుకుంటున్నారు. మనకు సంతోషకరమైన విషయమేమంటే, 2022లో కాకినాడలో కూడా, జె.ఎన్.టి.యు. ప్రాంగణంలో, ఈ సంస్థ శాఖ మొదలైంది. అక్కడ ఇంటరు తరువాత చేరే ఐదేళ్ళ కోర్సు పెట్టినారు. ఇంటరులో గణితం బాగా వచ్చిన పిల్లల తల్లిదండ్రులు దీన్ని గమనించవలెను. ఢిల్లీ, కలకత్తా కోర్సుకు ఫీజు తక్కువేమీ కాదు, రెండేళ్ళకు 20 లక్షల దరిదాపు. అయినా అక్కడికి కంపెనీలు నడిచి వస్తాయి.

ఒక ముఖ్య విషయం. మనవాళ్ళు చాలామంది బి.సి.-ఈ సర్టిఫికెట్ పట్టుకొని కేంద్ర సంస్థలకు దరఖాస్తు పెట్టి నిరాశపడుతున్నారు. ఆ సర్టిఫికెట్ రాష్ట్రంలో చెల్లుతుంది. కేంద్ర సంస్థలకు కేంద్ర ఓ.బి.సి. జాబితా వేరు. ఆ జాబితాలో తమ పేరు ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. అందులో లేనివారు, ఆదాయమూ ఆస్తీ హద్దు లోపల ఉంటే, ఇ.డబ్ల్యు.ఎస్. కింద అర్హులు కావచ్చు. దానికి తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరగవలసి ఉంటుంది కనుక దరఖాస్తుల నెల దాకా ఆగవద్దు.

ఢిల్లీ దాకా పోలేనివారికి దారులు లేకపోలేదు. విశాఖపట్నంలో గీతం వారు ఇంటర్నేషనల్ బిజినెస్ విభాగం నడిపినారు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఆపరేషన్స్ అనే పి.జి. డిప్లొమా ఉన్నది, ఉద్యోగం చేసుకుంటూ చదువుకోవచ్చు, ఖర్చు స్వల్పం. ఎక్కడైనా చేరేముందు ఆ ఏడాది కోర్సు నడుస్తున్నదా అని కనుక్కోవడం మంచిది.

ఇప్పుడు లండన్ మాటకు వద్దాము. పిల్లవాణ్ణి పరదేశానికి చదువుకు పంపడమే ఒక విదేశీ వ్యాపారం. మనం రూపాయల్లో అప్పు తెస్తాము, పౌండ్లలో చెల్లిస్తాము. నడుమ ఏజెంటు ఉంటాడు. ఒప్పందం అవతలివారి చట్టం ప్రకారం. నష్టభారం మాత్రం మొత్తం మనదే. పిల్లవాడు అక్కడికి పోయి నేర్చుకోబోయే పాఠాన్ని ఇంట్లో ముందు ఒకసారి లెక్క వేయించాలి. మేము వచ్చిన ప్రతి అబ్బాయి చేతా ఆ లెక్క వేయిస్తున్నాము.

ఫీజూ తిండీ అద్దె అన్నీ కలిపి 26,000 పౌండ్లు అవుతుందనుకుందాం. పౌండు 5 రూపాయలు పెరిగితే 1,30,000 రూపాయలు అదనం. అది ఎవరూ బ్రోషరులో రాయరు. బ్యాంకు అప్పు ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు, దస్తావేజుల మాట వచ్చేది అక్కడే. 20 లక్షలు నూటికి 10 వడ్డీ మీద తెచ్చినారనుకోండి. కోర్సు ఒక ఏడు, ఆ పైన గడువు ఒక ఏడు. ఈ రెండేళ్ళకు వడ్డీయే 4 లక్షలు కలుస్తుంది. 24 లక్షలను పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 31,700 దాకా వాయిదా పడుతుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ తేదీకి పడుతుంది. ఈ అంకె చెప్పగానే గదిలో మాట ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం విమానం ఎక్కిన తరువాత రావడం కంటె ముందే రావడం మేలు కదా.

అక్కడి నియమాలు కూడా మారుతున్నవి. బ్రిటన్‌లో చదువు ముగిసిన తరువాత ఉండి పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా 2021 జూలైలో రెండేళ్ళ గడువుతో మొదలైంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే అని నిర్ణయించినారు. 2024 జనవరి నుంచి ఇటువంటి ఎం.ఎస్సీ.లకు పోయేవారు భార్యాపిల్లలను వెంట తీసుకుపోయే వీలు లేదు. చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. ఆ తరువాత పని వీసా కావాలంటే, 2025 జూలై 22 నుంచి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లుగా పెట్టినారు, కొత్తగా చదువు ముగించినవారికి కొంత తగ్గింపు ఉన్నది. వీసాకు ముందు చూపవలసిన బ్యాంకు నిల్వ కూడా తక్కువేమీ కాదు. 2025 నవంబరు 11 నుంచి లండన్‌లో అయితే నెలకు 1,529, బయట అయితే 1,171 పౌండ్ల వంతున తొమ్మిది నెలలకు, 28 రోజులు కదలకుండా ఖాతాలో ఉండాలి. ఈ 28 రోజుల కోసం చేబదులు ఇప్పించే బేరగాళ్ళు తయారైనారు. వారి జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాము.

అమెరికా సంగతి వేరు. అక్కడ డిగ్రీ అయ్యాక 12 నెలలు పని చేసుకోనిస్తారు. సైన్సు, సాంకేతిక, గణిత శాస్త్రాల జాబితాలో ఉన్న కోర్సులకు మరో 24 నెలలు కలుపుతారు. సాదా ఇంటర్నేషనల్ బిజినెస్ ఆ జాబితాలో లేదు. కొన్ని విశ్వవిద్యాలయాలు వ్యాపార చదువునే గణాంకాలు కలిపి ఆ జాబితాలోని కోడ్ కింద నడుపుతున్నవి. కనుక కోర్సు పేరు కాదు, దాని కోడ్ అడగాలి. ఒక్క ప్రశ్నకు రెండేళ్ళ తేడా. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలాచోట్ల ఫీజు లేదన్న మాట నిజమే, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనవంటి వారికి సెమిస్టరుకు 1,500 యూరోలు ఉన్నది. 2024 సెప్టెంబరు నుంచి ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంటులో వేయవలసి వచ్చింది. 2022 నవంబరు నుంచి ఏ.పి.ఎస్. అనే సర్టిఫికెట్ కూడా కావాలంటున్నారు. అన్నిటికంటె ముఖ్యం, ఇంగ్లీషులో చదివినా ఉద్యోగానికి జర్మన్ భాష రావాలి.

సహాయాల విషయంలో పాత కాగితాలు నమ్మవద్దు. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుకు వడ్డీ భరించే పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపివేసింది. ఇప్పటికీ దాని దరఖాస్తు నింపి పెడతామని డబ్బు గుంజేవారు ఉన్నారు. తెలంగాణలో ముఖ్యమంత్రి పేరిట మైనారిటీలకు విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల దాకా ఇస్తూ వచ్చినారు, కుటుంబ ఆదాయం 5 లక్షలు మించరాదు. హైదరాబాదులోని మన బంధువులు ఆ ఏడాది ప్రకటన చూసుకొని పెట్టుకోవచ్చు.

మొన్న ఒక కుటుంబం వచ్చింది. తండ్రి యార్డులో గుమస్తా, తల్లి ఇంట్లో కుట్టుపని. అబ్బాయి బి.కాం. రెండో శ్రేణి. బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఆఫర్ లెటరు తెచ్చినారు. మేము పాఠ్యాంశాల జాబితా అడిగినాము. వారి దగ్గర లేదు. అక్కడే కూర్చొని ఫోనులో తెప్పించినాము. గ్లోబల్ స్ట్రాటజీ, లీడర్‌షిప్, సంస్కృతుల మధ్య నిర్వహణ, ఒక పరిశోధనా వ్యాసం. కస్టమ్స్ లేదు, బ్యాంకు కాగితాలు లేవు, సముద్ర రవాణా లేదు. ఏజెంటు ఈ కోర్సే ఎందుకు చూపినాడంటే, విశ్వవిద్యాలయాలు చేర్పించినవారికి కమీషన్ ఇస్తాయి. అది చాటుమాటు వ్యవహారం కాదు, వారి వ్యాపార పద్ధతి. యార్డులో కమీషన్ లెక్క తెలిసిన ఆయనకు ఇది మేము విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

ఐతే ఆయన ఒక మాట అన్నాడు. "పుస్తకంలో ఏముంటే మాకెందుకు సాబ్, వాడు అక్కడికి చేరితే ఏదో ఒక పని దొరుకుతుంది, మాలాగా టిక్కీలు లెక్కపెట్టకుండా బ్రతుకుతాడు." ఆ మాటలో అబద్ధం లేదు, మేము దాన్ని తక్కువ చేయలేదు. కాని అసలు కోరిక అదే అయితే, దాన్ని చదువు పేరుతో కాక పని పేరుతోనే లెక్క వేయాలన్నాము. 20 లక్షల అప్పుతో, 18 నెలల గడువుతో వెతుక్కునే పనికీ, అప్పు లేకుండా దుబాయిలో ఒక షిప్పింగు కంపెనీలో దొరికే పనికీ పోల్చి చూడమన్నాము. ఆయన ఒప్పుకోలేదు. గల్ఫ్ ఎండ తన అన్నగారు చూసినాడు, కొడుకు చూడరాదన్నాడు. అప్పటిదాకా మాట్లాడని తల్లి, "ఒక ఏడు ఆగితే లండన్ ఎక్కడికీ పోదు గదా, ముందు ఇక్కడ ఆ పనేమిటో చూడనీయండి" అన్నది. ఆ అబ్బాయి ఇప్పుడు ఒక మసాలాల ఎగుమతిదారు దగ్గర డాక్యుమెంటేషన్‌లో కుదురుకున్నాడు. ఇన్వాయిస్‌లు టైపు చేస్తున్నాడు, ల్యాబుకు శాంపిళ్ళు పట్టుకుపోతున్నాడు. వచ్చే ఏడు పోతాడో లేదో వారింట్లో ఇంకా తేలలేదు. తండ్రికి మా మీద కొంచెం కోపం ఉన్నమాట కూడా వాస్తవమే.

పోవద్దని మేము ఎవరినీ ఆపడం లేదు. మన సంఘ కుటుంబాలలోనే ఒక అబ్బాయి రొయ్యల ఫ్యాక్టరీలో మూడేళ్ళు పనిచేసి, ఆ తరువాత పోయినాడు. తరగతిలో గురువు ఉదాహరణ అడిగితే, నిల్వ గదిలో చలి తగ్గితే ఏమౌతుందో, శాంపిలులో నిషిద్ధమైన యాంటీబయాటిక్ జాడ కనబడితే ఆ కంటైనరు గతి ఏమిటో చెప్పగలిగినాడు. ఉద్యోగం ఇచ్చినవారు కూడా ఆ మూడేళ్ళు చూసే ఇచ్చినారు. చేతిలో ఒక సరుకు ఉండాలి: మిర్చి కావచ్చు, రొయ్య కావచ్చు, చిత్తూరు మామిడి గుజ్జు కావచ్చు. ఏదో ఒక సరుకు పుట్టుక నుంచి రేవు దాకా తెలిసినవాడికి ఈ డిగ్రీ బలమిస్తుంది. ఏదీ తెలియనివాడికి అది ఒక పేరు మాత్రమే, ఆ పేరున్నవారు ప్రతి ఊళ్ళోనూ వందల మంది ఉన్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మనవి. ఈ వృత్తి అంటే ఓడల మీద తిరగడమని కొందరి భయం. పనిలో ముప్పాతిక భాగం బల్ల దగ్గర కూర్చొని చేసేదే. కాగితాల పరిశీలన, బ్యాంకు విదేశీ మారక విభాగం, కస్టమ్స్ బ్రోకరు ఆఫీసు, నాణ్యతా పత్రాలు, ఇవన్నీ ఓర్పూ శ్రద్ధా కోరే పనులు. మా దగ్గరకు వచ్చిన అమ్మాయిలలో ఇద్దరు బరువుల తేడాను మాకంటె ముందే పట్టుకున్నారు. పైగా దిగుమతి ఎగుమతి కోడ్ సొంతంగా తీసుకోవడానికి ప్రభుత్వ రుసుము 500 రూపాయలే, పాన్ నంబరు మీదనే ఇస్తారు. ఇంట్లో కుట్టే బట్టలు, అల్లికలు చిన్న పార్సెల్‌గా పంపదలచినా ఆ కోడ్ చాలు.

భాష సంగతి కూడా చెప్పి ముగిస్తాము. మన పిల్లలకు ఉర్దూ వచ్చు, అరబ్బీ అక్షరాలు వచ్చు. కాని అరబ్బీ చదవడం వేరు, అరబ్బీలో ఒక కొనుగోలు ఉత్తరానికి జవాబు రాయడం వేరు. హైదరాబాదులో ఇఫ్లూలోను, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోను అరబ్బీ క్రమబద్ధంగా నేర్పుతున్నారు. యు.ఏ.ఇ.తో మన దేశపు వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమలులో ఉన్నది. దాని కింద సుంకం తగ్గాలంటే సరుకు మన దేశంలోనే పుట్టిందని సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉండాలి. ఆ కాగితం తయారు చేయగలిగి, జెబెల్ అలీ రేవులో ఉన్న కొనుగోలుదారుతో వారి భాషలో మాట్లాడగలిగిన మనిషికి, ఏ దేశపు డిగ్రీ ఉన్నా లేకున్నా, పని దొరుకుతుందని మా అనుభవం. మనవాళ్ళు ఏళ్ళ తరబడి గల్ఫ్‌కు పోతున్నారు, రెక్కలు అమ్ముకొని వస్తున్నారు. సరుకు అమ్మినవారు మాత్రం చాలా తక్కువ.

ఇక కార్యక్రమం విషయం. యార్డు వేసవి సెలవులు మొదలయ్యేలోగా, డిగ్రీ చివరి ఏడాది పిల్లలను పదిహేను రోజులపాటు ఎగుమతిదారుల ఆఫీసులలోను, కస్టమ్స్ బ్రోకర్ల దగ్గరా కూర్చోబెట్టాలని ఉపసంఘం తలపెట్టింది. ముగ్గురు వ్యాపారులు ఒప్పుకున్నారు. జీతం ఉండదు, దారి ఖర్చు సంఘం భరిస్తుంది. పేర్లు ఈ నెలాఖరు లోపల కార్యదర్శిగారికి ఇవ్వవలసినది. విదేశాల ఆఫర్ లెటర్లు వచ్చినవారు దానితోపాటు పాఠ్యాంశాల జాబితా, ఫీజు వాయిదాల తేదీలు, మానుకుంటే ఫీజు ఎంత తిరిగి ఇస్తారో తెలిపే కాగితం కూడా తీసుకొని ఆదివారం పది గంటలకు రావాలి. తల్లిని కూడా వెంటబెట్టుకొని రండి.